పదింటి నుంచి ఐదింటి దాకా

చిరంజీవి తమ్మునికి అక్క ఆశీర్వదించి రాయునది. ఇక్కడ కర్నూలులో అందరం బాగున్నాం. మీ బావ మోకాళ్ల నొప్పి ఎప్పటి మాదిరే.

నువ్వు రిటైరై ఇంట్లో కూచున్నాక, మొన్న ఆదివారం ఫోన్లో ఒక మాట అన్నావు. "అక్కా, ఈ ఇంట్లో దేనికీ ఒక పద్ధతి లేదు, నెల రోజుల్లో అంతా సెట్ చేస్తా" అని. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. 2017లో మీ బావ రిటైరైన రెండో వారంలో అచ్చం ఇదే మాట అన్నారు. ఫోన్లో చెబితే మధ్యలో అడ్డం వస్తావు, హెడ్మాస్టరుగా చేసిన నోరు కదా. అందుకే ఉత్తరం రాస్తున్నా.

మరదలు ఇన్నేళ్లుగా పొద్దున్నే క్యారియర్ కట్టి, నిన్ను బడికి పంపి తలుపేసుకుంది. ఆ తలుపు వెనకాల సాయంత్రం దాకా ఏం జరుగుతుందో నీకు తెలీదు. ఆదివారాలు చూశాను కదా అంటావేమో. ఆదివారం లెక్క వేరు. ఆ రోజు నువ్వుంటావని ఇల్లంతా నీకు తగ్గట్టు సర్దుకుంటుంది. సోమవారం పదింటి నుంచి ఐదింటి దాకా ఆ ఇల్లు ఆమెది. ఇప్పుడు అందులోకి నువ్వు కొత్తగా వచ్చి చేరావు. కొత్త బడికి ట్రాన్స్‌ఫర్ మీద పోయినప్పుడు మొదటి రోజే టైంటేబుల్ మార్చేవాడివా?

నా సంగతే చెబుతా. మీ బావ ఆఫీసుకు పోయాక కసువు ఊడ్చి, పదకొండుకు కూరగాయల బండామెతో బేరమాడేదాన్ని. ఆ బేరం రూపాయి కోసం కాదు, ఆమె కోడలి కథ వినడానికి. పన్నెండుకు చిన్నమ్మ కూతురికి ఫోన్. అన్నం రెండున్నరకు, టీవీ ముందు, పళ్లెం ఒళ్లో పెట్టుకొని, ఊరిబిండి వేలితో నాక్కుంటూ. తర్వాత చల్లటి బండల మీద దిండు కూడా లేకుండా ఒక గంట నిద్ర. మూడున్నరకు ఎదురింటామె వచ్చేది, ఇద్దరం మెట్ల మీద కూచొని టీ తాగేవాళ్లం. ఇందులో నువ్వు తప్పు పట్టగలిగినవి బోలెడు ఉంటాయి. మీ బావ అన్నీ పట్టారు.

ఆయన ముప్పై మూడేళ్లు కె.సి. కాలువ, అదే కర్నూలు-కడప కాలువ, లెక్కలు రాసిన మనిషి. కాలువ మొదలయ్యే సుంకేసుల దగ్గర ఎన్ని క్యూసెక్కులు వదిలారు, మీ కడప ఆయకట్టుకు చేరేసరికి ఎన్ని మిగిలాయి అని చూసిన కళ్లు ఊరికే ఉంటాయా, ఇంటి ట్యాంకు మీద పడ్డాయి. మోటారు ఇన్ని నిమిషాలే వెయ్యాలన్నారు. పనామె గిన్నెలు తోముతుంటే పక్కన నిలబడి కొళాయి ఎంత తిప్పాలో చూపించారు. నాలుగో రోజు నుంచి ఆమె రాలేదు. నేను పెళ్లికని నంద్యాల పోయి వచ్చేసరికి వంటింట్లో డబ్బాలన్నీ అక్షరక్రమంలో పెట్టి, చీటీలు అంటించి ఉన్నాయి. నూనె కాగుతా ఉంది, ఆవాలు ఎక్కడున్నాయో తెలీదు. 'ఆ' అక్షరం పై అరలో, స్టూలేసుకుంటే గానీ అందదు. ఆ రోజు మాడిన తాలింపు వాసన ఇప్పటికీ మా ఇంట్లో ఒక సామెత.

ఇవన్నీ నవ్వుకునేవే. నవ్వుకోలేనిది ఒకటుంది. మీ బావ లుంగీ, బనియన్ మీద వరండాలో పేపర్ పరుచుకొని కూచునేవారు. ఎదురింటామె గేటు దాకా వచ్చి, ఆయన్ను చూసి, "మళ్లీ వస్తాలే వదినా" అని వెనక్కి పోయేది. రెండు నెలలకు రావడమే మానేసింది. ఆయన ఆమెను ఒక్క మాట అనలేదు, పాపం. అక్కడ కూచున్నారు, అంతే. నేను కూడా నోరు తెరిచి చెప్పలేదు. ఆయన ఇంట్లో ఆయన కూచోకూడదని ఎట్లా చెబుతాను? మరదలు కూడా నీకు చెప్పదు. అందుకే నేను చెబుతున్నా.

సరే, నీ బాధా నాకు తెలుసు. ఒక సోమవారం తొమ్మిదీ నలభైకి మీ బావ ఇస్త్రీ చొక్కా వేసుకొని, జేబులో పెన్ను పెట్టుకొని గుమ్మంలో నిలబడి ఉన్నారు. ఎక్కడికండీ అన్నా. "ఎక్కడికీ లేదు" అని లోపలికొచ్చి బూట్లు విప్పారు. డబ్బాల మీద నాకున్న కోపం ఆ రోజుతో పోయింది. నువ్వూ రేపో మాపో అట్లా నిలబడతావు. నిలబడితే బూట్లు విప్పొద్దు. నిజంగానే బయలుదేరు.

మీ ఊర్లో సి.పి. బ్రౌన్ దొర బంగళా ఉన్న చోట లైబ్రరీ ఉంది. బ్రౌన్ పండితులను కూచోబెట్టి పాత తెలుగు పుస్తకాలు వెలికి తీయించాడని పిల్లలకు ఎన్నేళ్లు పాఠం చెప్పావు! లోపలికి పోయి తీరిగ్గా కూచున్నది ఎన్నిసార్లు? రోజూ రెండు గంటలు అక్కడుంటే నీకూ మంచిది, మరదలికి ఇంకా మంచిది. మీ బావకైతే పెన్షనర్ల సంఘం దొరికింది. ముసలివాళ్లకు ఫారాలు నింపిస్తారు, వేలిముద్రలు అరిగి మిషన్ తీసుకోకపోతే ఫోన్లో ముఖం చూపించి, బతికే ఉన్నారని చెప్పే లైఫ్ సర్టిఫికెట్ ఇప్పిస్తారు. రిజిస్టరు రాసే పిచ్చంతా అక్కడ చెల్లిపోతుంది. పాత బడికి మాత్రం ఊరికూరికే పోవద్దు. మొదటిసారి అందరూ లేచి నిలబడతారు. మూడోసారికి కుర్చీ చూపిస్తారు, అంతే.

ఏప్రిల్, మే నెలల్లో కడప ఎండకు పదింటికి బయటికి పోలేవు, నిజమే. అప్పుడు తెల్లవారుజామునే తిరిగి వచ్చి, పగలు ముందు గదిలో కాకుండా లోపలి గదిలో ఉండు. మధ్యాహ్నం ఆమె పడుకున్నప్పుడు ఫోన్లో వీడియోలు గట్టిగా పెట్టొద్దు.

ఇంకొకటి, ఆకలి. బడి బెల్లు అలవాటుతో ఒంటిగంటకు నీకు ఆకలవుతుంది. మరదలికి అవదు. నీకోసం ఆమె గబగబా లేవాలని చూడకు. అన్నం, పప్పు బల్ల మీదే ఉంటాయి, నువ్వే పెట్టుకొని తిను. పళ్లెం కడిగి బోర్లించు. మధ్యాహ్నం టీ నువ్వు పెట్టు. రెండు గ్లాసులకు రెండు చెంచాల పొడి, చిన్న అల్లం ముక్క, పాలు పోశాక పక్కకు పోకుండా అక్కడే నిలబడు. మొదటి వారం పొంగిస్తావు. పొయ్యి నువ్వే తుడువు. బాగుందా అని ప్రతిసారీ అడక్కు.

డబ్బు సంగతి నీకు చెప్పేంతదాన్ని కాదు గానీ, గ్రాట్యుటీ పడిందని తెలిసిన రోజే కొందరు చుట్టాలకు ప్రేమ పుట్టుకొస్తుంది. ఆరు నెలలు ఎవరికీ మాట ఇవ్వొద్దు. పోస్టాఫీసులో పెద్దవాళ్ల సేవింగ్స్ స్కీములో 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకొకసారి వడ్డీ వస్తుంది, మాకు ఆ నిదానమే నచ్చింది. పెన్షన్ కమ్యూట్ చేస్తే, అంటే కొంత భాగం ముందే ఒకేసారి తీసుకుంటే, నెలనెలా ఆ కోత 15 ఏళ్లు నడుస్తుంది, అది గుర్తు పెట్టుకొని ఇల్లు మీద అంతస్తు లేపే ఆలోచన చెయ్యి. పీపీఓ కాగితం, అదే పెన్షన్ ఆర్డరు, బీరువాలో ఎక్కడుందో మరదలికి చూపించు. ఊరికే చెప్పడం కాదు, ఆమె చేత తీయించు.

ఎదురింటామె సంగతి చెప్పడం మరిచా. మీ బావ సంఘానికి పోవడం మొదలుపెట్టిన నెలకు, ఒక మధ్యాహ్నం కాకరకాయ కూర గిన్నెతో వచ్చింది. ఏమీ జరగనట్టే మెట్ల మీద కూచుంది. రెండు నెలల కబుర్లు సాయంత్రం దాకా చెప్పింది. ఐదింటికి మీ బావ గేటు బయట నిలబడి, లోపలికి రావాలా వద్దా అని చూస్తున్నారు. రమ్మని నేనే పిలిచా.

ఈ ఉత్తరం మరదలికి చూపించొద్దు. నాకు ఫోన్ చెయ్యమని మాత్రం చెప్పు, రేపు పదకొండు తర్వాత. ఆ టైములో నువ్వు ఇంట్లో ఉండకు.

ఇట్లు,
మీ అక్క