అనాహతం గురించి అడిగావు కదా

విజయనగరం,
అయ్యకోనేరు గట్టు.

అమ్మలూ,

మొన్న ఫోన్‌లో నువ్వు "పెద్దమ్మా, నా హార్ట్ చక్ర బ్లాక్ అయిపోయిందట, తెరుచుకోవడానికి ఇరవై ఒక్క రోజుల కోర్సులో చేరాను" అన్నప్పుడు, పొయ్యి మీద పప్పు ఉందని ఫోన్ పెట్టేశాను. పప్పు లేదు, ఏమీ లేదు. కోపం వచ్చింది. నీ మీద కాదు, తండ్రి పోయి ఏడాది తిరగని పిల్లకి "నీ గుండె మూసుకుపోయింది" అని చెప్పి డబ్బు కట్టించుకున్నవాళ్ల మీద. కోపంలో మాట్లాడితే నాలుగు పనికొచ్చే మాటలు కూడా పోతాయని ఉత్తరం రాస్తున్నాను.

ముందు డాక్టరు. ఉష్ట్రాసనం వేసి లేచాక గుండె దడదడలాడిందనీ, మధ్యలో ఒక దెబ్బ తప్పినట్టు అనిపించిందనీ అన్నావు. అది చక్రం తెరుచుకోవడమని మీ కోర్సువాళ్లు అన్నారట. ఒంట్లో రక్తం తక్కువైనా దడ వస్తుంది, థైరాయిడ్ ఎక్కువైనా వస్తుంది, నిద్ర చాలకపోయినా వస్తుంది. బ్యాంకు నుంచి ఒక గంట పర్మిషన్ పెట్టి ఈసీజీ తీయించుకో, రక్తపరీక్ష చేయించుకో. అంతవరకు వెనక్కి వంగే ఆసనాలు ఏవీ వద్దు.

ఇక అసలు సంగతి. ఒంట్లో ఉంటాయని యోగం చెప్పే శక్తికేంద్రాలు చక్రాలు; మీవాళ్లు హార్ట్ చక్ర అనేదాని అసలు పేరు అనాహతం. అనాహతం అంటే ఏమిటో ఎవరూ నీకు చెప్పినట్టు లేదు. ఆహతం అంటే కొట్టబడినది. రెండు వస్తువులు తగిలితే పుట్టే శబ్దం ఆహతం. ఏదీ దేన్నీ తాకకుండా ఉండే నాదం అనాహతం. సంగీతం నేర్చుకున్నవాళ్లు నాదం ఈ రెండు రకాలని మొదట్లోనే వింటారు. పదమూడో శతాబ్దం నాటి సంగీతరత్నాకరం ఇంకో మాట కూడా అంటుంది: అనాహతం ముక్తినిస్తుంది గానీ జనాన్ని రంజింపజేయదు అని. నాకా మాట చాలా ఇష్టం. రంజింపజేయని దాన్ని పట్టుకుని వీడియోలెలా చేస్తారో మరి!

అంటే పేరులోనే ఉంది, ఇది వినేది. తలుపు కాదు, తెరవడానికి.

మా ఇంట్లో వీణ చూశావు కదా, బొబ్బిలి వీణ. ఒకే పనస దుంగలోంచి తొలిచింది. ఉద్యోగం వచ్చిన కొత్తలో సాయంత్రాలు సంగీత కళాశాలకి వెళ్లి నేర్చుకున్నాను. 1919లో ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల అది, మెట్లెక్కేటప్పుడే భయం వేసేది. మా మాస్టారు మొదటి వారం స్వరాలే చెప్పలేదు. సారణి, అంటే వీణ మొదటి తీగె, ఒక్కసారి మీటించి, "మోత ఎప్పుడు ఆగిందో చెప్పు" అనేవారు. నేను చటుక్కున "ఆగింది సార్" అంటే తల అడ్డంగా ఊపేవారు. మళ్లీ మీటేదాన్ని. మూడో రోజుకి తెలిసింది, మోత సన్నబడి సన్నబడి, అది ఉందో నా చెవిలో మిగిలిందో చెప్పలేని చోటు ఒకటి వస్తుందని. ఆ చోట ఒంట్లో ఎక్కడా బిగువు ఉండదు. ఊపిరి కూడా నిలబడినట్టే ఉంటుంది. అనాహతం గురించి నాకు తెలిసినదంతా అక్కడ మొదలైంది.

నీ దగ్గర వీణ లేదు, దేవుడి గదిలో ఇత్తడి గంట ఉంది. అది చాలు. ఒక్కసారి కొట్టి కళ్లు మూసుకుని చివరిదాకా విను.

చక్రం ఎక్కడ అని అడిగావు. గుడిలో మంత్రపుష్పం చదివేటప్పుడు "పద్మకోశ ప్రతీకాశం" అని వింటాం కదా, అక్కడే చెబుతారు: కంఠానికి జానెడు కింద, బొడ్డుకి పైన, తలకిందులుగా వేలాడే తామరమొగ్గలా అని. ఎడమ పక్కన కొట్టుకునే గుండెకాయ కాదు, రొమ్ము మధ్యన. పన్నెండు రేకులు, వాటి మీద "క" నుంచి "ఠ" వరకు అక్షరాలు, వాయుతత్త్వం, "యం" బీజాక్షరం, వాహనం నల్లజింక. నీకు ఆకుపచ్చ రంగు ఊహించమన్నారట. 1577లో రాసిన షట్చక్రనిరూపణం దీన్ని బంధూక పుష్పంతో పోల్చింది, అంటే మన మంకెన పువ్వు ఎరుపు. మధ్యనున్న షట్కోణం పొగరంగు. ఇంద్రధనుస్సులా చక్రానికో రంగు పంచిపెట్టడం ఈ మధ్య వచ్చిన పద్ధతి. ఆ గ్రంథం ఇక్కడి దేవత పేరు కాకిని అని చెబితే, అమ్మ రోజూ చదివే లలితా సహస్రనామం రాకిని అంటుంది. సంప్రదాయాన్ని బట్టి మారుతుంది. ఏది రైటో తేలితే తప్ప కూర్చోనని మొండికెయ్యకు, నాకు తెలుసు నీ సంగతి.

నేను నిన్ను ఆగి చూడమనేది ఆ పన్నెండు రేకుల దగ్గర. ఒక్కో రేకుకి ఒక్కో మనోవృత్తి చెప్పారు పెద్దలు. ఆశ ఉంది, చింత ఉంది, దంభం, వివేకం, అహంకారం, అనుతాపం అంటే పశ్చాత్తాపం ఉన్నాయి. ప్రేమ అనే పేరున్న రేకు లేదు! జీవుడు ఒక రేకు మీంచి ఇంకో రేకు మీదికి తిరుగుతూ ఉంటాడట. మీ నాన్న ఆ రోజు మధ్యాహ్నం చేసిన ఫోన్ నువ్వు క్యాష్ కౌంటర్‌లో ఉండి ఎత్తలేదు. అప్పటి నుంచీ నువ్వు అనుతాపం రేకు మీద కూర్చుని ఉన్నావు. దాన్ని బ్లాక్ అనరమ్మా. అదీ ఆ తామరలోదే. మీ పెదనాన్న పోయినప్పుడు నేను దంభం మీద కూర్చున్నాను, వచ్చినవాళ్లందరికీ నవ్వుతూ కాఫీలిచ్చి "బాగానే ఉన్నాను" అంటూ. ఎనిమిది నెలలు.

ఆ ఎనిమిదో నెలలోనే ఒక శిబిరానికి వెళ్లాను. ముప్పైరెండు అంకెలు ఊపిరి బిగబట్టమన్నారు. ఇరవై దాటాక చెవుల్లో హోరు, కళ్ల ముందు మిణుగురులు, పక్కనున్న స్తంభానికి నుదురు కొట్టుకుంది. అక్కడి గురువు "శక్తి లేస్తోంది" అన్నాడు. లేచింది బొప్పి. సింహాన్నీ ఏనుగునీ పులినీ మచ్చిక చేసినట్టు ఊపిరిని మెల్లమెల్లగా లొంగదీసుకోవాలి, లేకపోతే అది సాధకుణ్ణే చంపుతుందని హఠయోగ ప్రదీపిక ఊరికే అనలేదు. ఊపిరి బిగబట్టే ఈ కుంభకం జోలికి నువ్వు పోవద్దు. ఈ ఒక్కటీ పెద్దదాన్నని చెబుతున్నాను, వాదించకు.

ఏం చెయ్యాలంటే, పొద్దున్న మొహం కడుక్కున్నాక, ఫోన్ చూడకముందు పది నిమిషాలు. పీట మీద కూర్చో, మోకాలు నొప్పెడితే కుర్చీలో కూర్చో. నాలుగు లెక్కపెట్టేంత సేపు ముక్కుతో పీల్చి, ఆరు లెక్కపెట్టేంత సేపు వదులు. నిమిషానికి ఆరు శ్వాసలు వస్తాయి. మొదటి రోజు కుడిచేతి వేళ్లతో ఎడమ మణికట్టు దగ్గర నాడి పట్టుకుని చెయ్యి. పీల్చేటప్పుడు నాడి కాస్త త్వరపడుతుంది, వదిలేటప్పుడు నెమ్మదిస్తుంది. నీ వయసులో బాగా తెలుస్తుంది. అందుకే వదలడం పొడుగ్గా ఉండాలి. మంత్రం అక్కర్లేకుండానే ఒళ్లు చెప్పే మాట అది.

తర్వాత భ్రామరి. బొటనవేళ్లతో చెవులు మెల్లగా మూసి, ఊపిరి వదులుతూ తుమ్మెదలా రొద చెయ్యి, అయిదారు సార్లు. గట్టిగా వద్దు, పక్కగదిలో అమ్మ లేవకూడదు. రొద ఆపాక వెంటనే కళ్లు తెరవకు. గంట మోత విన్నట్టే, ఆగిన చోటు విను. నీకు సాధన అదే, రొద కాదు. "యం" అనుకోవాలనిపిస్తే పన్నెండు సార్లు మనసులో అనుకో, అనిపించకపోతే మానెయ్యి.

ఏడుపు వస్తే ఆపుకోవద్దు. వచ్చిందని ఏదో సాధించినట్టు డైరీలో రాసుకోవద్దు కూడా. మొహం కడుక్కుని టిఫిన్ తిను. రోజంతా తెరిపి లేకుండా ఏడుపే అయితే, నిద్ర పట్టకపోతే, మానసిక వైద్యుల దగ్గరికి నేను తోడు వస్తాను. అందులో సిగ్గు ఏమీ లేదు.

ఆసనాలు డాక్టరు సరేనన్నాక. భుజంగాసనంతో మొదలుపెట్టు, వంగిన ప్రతిసారీ తర్వాత ముందుకి వంగే శశాంకాసనంలో విశ్రాంతి తీసుకో. ఉష్ట్రాసనానికి తొందరేమీ లేదు.

మిగతా ఇరవై మూడున్నర గంటల మాట పతంజలి చెప్పాడు. సుఖంగా ఉన్నవాళ్లతో మైత్రి, దుఃఖంలో ఉన్నవాళ్ల మీద కరుణ, మంచి చేసేవాళ్లని చూసి ముదిత అంటే సంతోషం, చెడు చేసేవాళ్ల పట్ల ఉపేక్ష. కరుణ నీకు ఎక్కువే ఉంది, దాని గురించి చెప్పను. మొదటిది చూసుకో. నీతో పాటు చేరిన అమ్మాయికి ప్రమోషన్ వచ్చిందని చెప్పేటప్పుడు నీ గొంతు ఎలా ఉందో నేను విన్నాను. ఇక మీ బాబాయి. ఉపేక్ష అంటే ఆమదాలవలస పొలంలో మీ నాన్న వాటా వదులుకోమని కాదు. కాగితాలు అడుగు, రాకపోతే లాయరు నోటీసు పంపు. పంపాక రాత్రి పడుకుని ఆయనతో మనసులో పోట్లాడకు. అంతే ఉపేక్ష.

ఇంకోటి. సాయంత్రం ఆరు తర్వాత ఏమీ తినడం లేదట, అమ్మ చెప్పింది. లలితా సహస్రనామంలో అనాహతంలో ఉండే ఆ తల్లిని "స్నిగ్ధౌదన ప్రియా" అన్నారు, నెయ్యి కలిపిన అన్నం ఆవిడకి ఇష్టమట. నువ్వు ఆవిడని పస్తు పెట్టి తలుపు తెరవమంటున్నావు. రాత్రి నాలుగు ముద్దలైనా వేడన్నంలో నెయ్యి వేసుకుని తిను.

వచ్చే ఆదివారం పొద్దున్న బండికి రా. వీణకి తీగెలు మార్చాలి, నాకు తీగెలు బిగించే బిరడాలు తిప్పే బలం లేదు, నువ్వు తిప్పాలి. ఈసీజీ కాగితం మర్చిపోకుండా పట్టుకురా.

మీ పెద్దమ్మ