మినీవ్యాన్ గేరు సరిగ్గా మారడం లేదా? రీబిల్డ్‌కు ఒప్పుకునే ముందు ఇవి చూడండి

అమ్మానాన్నలు వస్తున్నారనో, ఇంట్లో రెండో బిడ్డ పుట్టిందనో అమెరికాలో మనవాళ్లు చాలామంది లక్ష మైళ్లు దాటిన మినీవ్యాన్ కొంటారు. కొన్నాళ్లకు 40 మైళ్ల వేగం దగ్గర బండి వణకడం మొదలవుతుంది. షాపులో ‘ట్రాన్స్‌మిషన్ (గేర్‌బాక్స్) పోయింది, రీబిల్డ్ చేయాలి, అంటే విప్పి లోపలి భాగాలు మార్చాలి’ అంటూ వేల డాలర్ల అంచనా చేతిలో పెడతారు. దానికి సరే అనే ముందు మీరే చూసుకోగలిగినవి ఉన్నాయి. ఉదాహరణకు 2005-2010 హోండా ఒడిస్సీని తీసుకుందాం.

ముందు ఇబ్బంది ఏ తరహాదో పట్టుకోండి. గ్యాస్ (యాక్సిలరేటర్) తొక్కితే ఆర్పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పెరిగి వేగం పెరగకపోతే లోపల క్లచ్ జారుతోంది. పార్క్ నుంచి డ్రైవ్‌లో వేశాక బండి పట్టుకోవడానికి రెండు సెకన్లకు మించి పడితే ట్రాన్స్‌మిషన్‌లోని నూనె, అంటే ఫ్లూయిడ్ తగ్గిందేమో అనుమానించాలి. మిషిగన్, మిన్నెసోటా చలిలో ఉదయం మొదటి కొన్ని నిమిషాలు గేర్లు ఆలస్యంగా మారడం మాత్రం జబ్బు కాదు. ఫ్లూయిడ్ వేడెక్కాలని కంప్యూటరే అలా చేస్తుంది.

అసలు తికమక వణుకు దగ్గరే. 35-50 మైళ్ల మధ్య, గ్యాస్ తేలిగ్గా ఆనించి ఉంచినప్పుడు, గరుకు పట్టీల మీద నడిచినట్టు వణికితే టార్క్ కన్వర్టర్ (ఇంజిన్ శక్తిని ఫ్లూయిడ్ ద్వారా ట్రాన్స్‌మిషన్‌కు అందించే భాగం) లోపల రెంటినీ నేరుగా బిగించే లాకప్ క్లచ్ కావచ్చు, ఇంజిన్ మిస్‌ఫైర్ (ఏదో సిలిండర్‌లో ఇంధనం సరిగ్గా మండకపోవడం) కూడా కావచ్చు. వెనక బండ్లు లేని రోడ్డు మీద, వణుకు ఉన్నప్పుడే గ్యాస్ వదలకుండా ఎడమ కాలితో బ్రేకును దీపం వెలిగేంత మాత్రమే తాకండి. లాకప్ విడిపోయి ఆర్పీఎం కొంచెం పైకి వెళ్తుంది. ఆ క్షణం వణుకు ఆగితే తప్పు చాలావరకు లాకప్‌దే. ఆగకపోతే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ చూడాలి. ఈ పరీక్షకు తప్ప ఎడమ కాలు బ్రేకు దగ్గరికి రాకూడదు. ఇండియాలో క్లచ్ తొక్కిన అలవాటుతో కొందరు ఆ కాలు బ్రేకు మీదే ఆనించి నడుపుతారు, దాంతో బ్రేకులూ ట్రాన్స్‌మిషనూ రెండూ వేడెక్కుతాయి.

డ్రైవ్‌లో, రివర్స్‌లో వేయగానే ‘ధన్’మని కొడితే ఇంజిన్ మౌంట్లు (ఇంజిన్‌ను పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలు) చూడండి. ఈ వీ6 బండ్లలో అవి చిరిగి లోపలి ద్రవం కారడం మామూలే, ఆ కుదుపు నెపాన్ని షాపుల్లో ట్రాన్స్‌మిషన్ మీదకు తోసేయడమూ మామూలే.

ఫ్లూయిడ్ ఇలా చూడాలి: బండి బాగా వేడెక్కేదాకా నడిపి, చదునైన చోట ఇంజిన్ ఆపి, 60-90 సెకన్లలోపు డిప్‌స్టిక్ (ఫ్లూయిడ్ మట్టం చూసే కడ్డీ) తీయాలి. పాత టొయోటాల పద్ధతి వేరు, వాటిలో ఇంజిన్ నడుస్తుండగానే చూస్తారు. ఎర్రగా తేటగా ఉంటే మంచిది. గోధుమ రంగైతే మార్చే సమయం వచ్చింది. నల్లబడి మాడు వాసన కొడితే క్లచ్ అరిగిపోయినట్టే, కొత్త ఫ్లూయిడ్ ఆ అరుగుదలను పూడ్చలేదు. పాలు కలిసినట్టు గులాబీ రంగులో ఉంటే రేడియేటర్ నుంచి కూలంట్ లోపలికి చేరింది. బండి ఇక స్టార్ట్ చేయకండి, టో చేయించండి.

గోధుమ రంగు దగ్గర ఉంటే డ్రెయిన్-ఫిల్, అంటే కింద నుంచి పాతది దించి కొత్తది పోయడం చాలు. ఒత్తిడితో చేసే ఫ్లష్ వద్దనే నా సలహా. బండిని జాక్ స్టాండ్ల మీద నిలబెట్టి డ్రెయిన్ ప్లగ్ తీయండి. దానికి వేరే సాకెట్ అక్కర్లేదు, 3/8 అంగుళాల రాచెట్ మొన నేరుగా పడుతుంది. కొత్త వాషర్ వేసి బిగించి, ఎంత దిగిందో కొలిచి అంతే పోయండి. మూడు క్వార్టులకు కాస్త ఎక్కువ పడుతుంది. హోండా డీడబ్ల్యూ-1 అనే ఫ్లూయిడ్ మాత్రమే వాడాలి. సగానికి పైగా పాతది టార్క్ కన్వర్టర్‌లోనే ఉండిపోతుంది కాబట్టి, మధ్యలో అన్ని గేర్లూ పడేలా నడుపుతూ మూడుసార్లు చేస్తే నాలుగింట మూడు వంతులు కొత్తదవుతుంది. ప్లగ్ అయస్కాంతం మీద సన్నని బూడిదరంగు ముద్ద ఉండటం సహజం, లోహపు పెచ్చులు ఉంటే మాత్రం కాదు.

ఇక కోడ్లు, అంటే బండి కంప్యూటర్ నమోదు చేసే లోపాల సంకేతాలు. 1996 నుంచి అమెరికాలో అమ్మే కార్లన్నిటికీ స్టీరింగ్ కింద ఓబీడీ-2 పోర్టు (ఆ కోడ్లు చదివే స్కానర్ తగిలించే చోటు) ఉంటుంది. చాలా విడిభాగాల దుకాణాల్లో ఉచితంగానే చదివిస్తారు. పి0700 ఒక్కటే కనిపిస్తే ఏమీ తేలనట్టే. ‘ట్రాన్స్‌మిషన్ కంప్యూటర్‌లో ఇంకో కోడ్ ఉంది’ అని చెప్పడమే దాని పని. చౌక స్కానర్లు ఆ రెండో కోడ్‌ను చాలాసార్లు చదవలేవు. పి0741 అయితే లాకప్, పి0715 లేదా పి0720 అయితే స్పీడ్ సెన్సర్ వైపు చూడాలి. సెన్సర్‌తో తీరే పనికి గేర్‌బాక్స్ దించనివ్వకండి.

ఇవన్నీ చూశాకే షాపుకు వెళ్లండి, అదీ ఏఎస్ఈ ఏ2 (ఆటోమేటిక్ ట్రాన్స్‌మిషన్ పనికి ఇచ్చే) సర్టిఫికెట్ ఉన్న మెకానిక్ దగ్గరికి. ఏ కోడ్లు వచ్చాయి, లైన్ ప్రెషర్ (ట్రాన్స్‌మిషన్ లోపల ఫ్లూయిడ్ ఒత్తిడి) ఎంత, ఏ పరీక్ష వల్ల రీబిల్డ్ అంటున్నారు అన్నది కాగితం మీద రాయించుకోండి. రాసివ్వనంటే వేరే షాపు చూసుకోండి. వెళ్లే ముందు 17 అక్షరాల విన్ నంబరుతో (బండి గుర్తింపు సంఖ్య) రీకాల్, అంటే భద్రతా లోపానికి కంపెనీ చేసే ఉచిత మరమ్మతు, ఉందేమో ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ (అమెరికా రోడ్డు భద్రతా సంస్థ) సైట్‌లో వెతకండి. ట్రాన్స్‌మిషన్ వారంటీ పొడిగింపు సంగతి డీలర్‌నే విడిగా అడగాలి, ఎందుకంటే అది రీకాల్ జాబితాలో కనిపించకపోవచ్చు.