కమిటీ అధ్యక్షురాలైన అమ్మాయికి

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

మన బడి యాజమాన్య కమిటీకి నిన్ను అధ్యక్షురాలిగా ఎన్నుకున్నారని తెలిసి ఎంతో సంతోషించాను. నా దగ్గర అయిదో తరగతి చదివిన పిల్లవు, ఇవాళ నీ బిడ్డ చదివే అదే బడికి పెద్దదిక్కువయ్యావు. పిల్లల క్షేమం కోసం ఏదైనా చేయాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదని ఫోన్లో అడిగావు. ఫోన్లో చెబితే సగం మరిచిపోతావు. ప్రధానోపాధ్యాయుడిగా ఉన్నన్నాళ్లూ కార్యాలయాల చుట్టూ తిరిగి నేర్చుకున్నవి కొన్ని ఉన్నాయి కనుక, తీరికగా రాస్తున్నాను.

ముందుగా నీ చేతిలో ఏముందో తెలుసుకో. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం ప్రకారం ఈ కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళికను తయారుచేసే బాధ్యత కమిటీదే. ప్రభుత్వం ఆ బడికిచ్చే నిధులకు ఆ ప్రణాళికే ఆధారం కావాలని కూడా చట్టం చెబుతోంది. చాలాచోట్ల దాన్ని ప్రధానోపాధ్యాయుడు ఒక్కడే కూర్చుని నింపి, సభ్యుల ఇళ్లకు పంపి సంతకాలు చేయించుకుంటాడు. మొదటి కొన్నేళ్లు నేనూ అలాగే చేశాను. అది తప్పని ఇప్పుడు గట్టిగా చెబుతున్నాను. చదవని కాగితం మీద నీవు సంతకం పెట్టవద్దు.

ఒక పనిరోజున, బడి జరుగుతుండగా, ఇద్దరు ముగ్గురు తల్లులను వెంటబెట్టుకుని ప్రహరీ నుంచి వంటగది దాకా నడిచి చూడు. పిల్లలనే అడుగుతూ నడు, ఎందుకంటే పెద్దలకు కనబడనివి వాళ్లకు తెలుసు. మా రోజుల్లో ఆడపిల్లలు మధ్యాహ్నం దాకా మంచినీళ్లు తాగేవారు కాదు. కారణం చాలాకాలం నాకు అర్థం కాలేదు. ఒకనాడు మరుగుదొడ్డి వైపు వెళ్తే, మూడో తరగతి పిల్ల ఒకతె రెండు చేతులతో తలుపును బయటినుంచి లాగి పట్టుకుని నిలబడి ఉంది. లోపల తన స్నేహితురాలు ఉంది. ఆ తలుపుకు లోపలి గడియ ఊడిపోయి ఎన్నాళ్లయిందో ఎవరికీ తెలియదు. ఊళ్లో వడ్రంగి వచ్చి అరగంటలో బిగించి, డబ్బు తీసుకోకుండా వెళ్లిపోయాడు. ఇలాంటివాటికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. ఊరు చేసుకోగలిగినవి ఊరే ముందుగా చేసుకుంటే, మిగిలినవాటి కోసం అధికారి ముందు కూర్చున్నప్పుడు నీ మాటకు బరువు వస్తుంది.

భవనం సంగతి అలా కాదు. అది ప్రభుత్వమే చేయాలి, దాని కోసం అడిగే తీరు తెలిసి ఉండాలి. ‘పాఠశాల భవనం శిథిలావస్థలో ఉన్నది, తగు చర్యలు తీసుకోగలరు’ అని నేను మూడు అర్జీలు పెట్టాను, మూడింటికీ జవాబు రాలేదు. నాలుగోసారి కుర్చీ ఎక్కి టేపుతో కొలిచాను. అయిదో తరగతి గది ఈశాన్య మూలన రెండడుగుల మేర పెచ్చులూడి ఇనుప చువ్వలు తేలాయని, తుప్పు పట్టిన ఆ చువ్వల కిందనే 34 మంది పిల్లలు కూర్చుంటున్నారని, వాన పడిన మర్నాడు ఆ మూలను తడితే బోలు శబ్దం వస్తోందని రాసి, ఫొటోలు అతికించి, కమిటీ తీర్మానం జతచేశాను. పది రోజుల్లో అసిస్టెంట్ ఇంజినీర్ (ఏఈ) గారు వచ్చి చూశారు, ఆ గదిలో పిల్లలను కూర్చోబెట్టవద్దని రాసి ఇచ్చారు. కొలత ఉన్న కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం, ఎందుకంటే రేపు ఏదైనా జరిగితే ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది. 2025 జులై 25న రాజస్థాన్‌లోని ఝాలావాడ్ జిల్లాలో బడి భవనం కూలి 7 మంది పిల్లలు చనిపోయారని చదివిన రోజున నాకు ఆ ఈశాన్య మూలే కళ్లముందు కదిలింది.

ఏ పని ఎవరిదో తెలియక అందరికీ ఒకే అర్జీ ఇస్తే అది ఎవరిదీ కాకుండా పోతుంది. గోడలు, పైకప్పు గురించి గ్రామ సచివాలయంలోని ఇంజినీరింగ్ అసిస్టెంటుకు, మండల విద్యాధికారికి రాయి. ఆవరణ మీదుగా వేలాడే సర్వీసు వైరు, గేటు పక్కన కంచె లేని ట్రాన్స్‌ఫార్మర్ విద్యుత్ శాఖ ఏఈ పని. బడి ముందు రోడ్డు పంచాయతీదో, రోడ్లు భవనాల శాఖదో (ఆర్ అండ్ బీ) కనుక్కుని ఆ తర్వాతే స్పీడ్ బ్రేకర్ అడుగు. ఇచ్చిన ప్రతి కాగితానికీ ముద్ర వేయించుకున్న నకలు నీ దగ్గర ఉండాలి. నెల దాటినా కదలిక లేకపోతే సమాచార హక్కు చట్టం కింద అర్జీ ఏమైందో అడగవచ్చు. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామస్థాయి కార్యాలయానికి రుసుము లేదు, మండల స్థాయికి 5 రూపాయలు. అయితే దాన్ని మొదటి రోజునే బయటికి తీయవద్దు. ముందు మర్యాదగా వెళ్లి అధికారిని కలువు, ఆయనకు నిధుల ఇబ్బంది ఉంటే విను, ఊరు ఏమి చేయగలదో చెప్పు. ఇసుక తోలడానికో, పాత గది సామాను మోయడానికో ఊరు ముందుకు వస్తుందంటే అధికారికీ ధైర్యం వస్తుంది.

వంటగదిని చిన్నచూపు చూడవద్దు. 2004 జులై 16న కుంభకోణంలో బడి వంటశాలలో లేచిన మంట పూరి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు పోయారు. ఆ ఘోరం తర్వాతే సుప్రీంకోర్టు 2009లో, విద్యాహక్కులో సురక్షితమైన బడి హక్కు కూడా కలిసే ఉందని తీర్పు ఇచ్చింది. గ్యాస్ సిలిండర్ తరగతి గదికి దూరంగా ఉందా, రబ్బరు గొట్టం చివర పగిలిందా అని నీ ఇంట్లో చూసుకున్నట్టే చూడు. వడ్డించే ముందు పెద్దలు రుచి చూడాలన్న నియమం ఉంది. వారానికి ఒకరోజు ఒక తల్లి వంతు పెట్టుకుని ఆ పూట వెళ్లి కూర్చుంటే చాలు. వంట చేసే ఆడవాళ్లు మన ఊరివాళ్లే, వాళ్లను దొంగలను చూసినట్టు చూడకండి. బిల్లులు ఆలస్యమై వాళ్లు పడే ఇబ్బందిని కూడా మీ తీర్మానంలో రాయండి.

ఒక్క విషయంలో మాత్రం సర్దుబాటు మాట రానివ్వకు. పిల్లమీద ఎవరైనా చేయి వేశారని తెలిస్తే, అది ఉపాధ్యాయుడైనా, ఆటో నడిపేవాడైనా, సాక్షాత్తూ సర్పంచి గారి బంధువైనా, పెద్దమనుషులు అరుగు మీద కూర్చుని రాజీ చేసే వ్యవహారం కాదు. పిల్లలపై లైంగిక నేరాలను అరికట్టే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి, చెప్పకపోవడం నేరం. పిల్లల సహాయానికి ఫోన్ చేసే 1098 నంబరు ప్రతి తరగతి గోడ మీద పిల్లలకు అందే ఎత్తులో పెద్ద అంకెలతో రాయించు. ఊరి పరువు అంటారు, పిల్ల పెళ్లి అంటారు. ఆ మాటలు నేను విన్నాను, ఒకసారి విని మౌనంగా ఉండిపోయాను. ఆ పిల్ల బడి మానేసింది. ఆ బాధ నన్ను నేటికీ వదలలేదు. నీవు మౌనంగా ఉండకు.

ఇప్పుడున్న ప్రధానోపాధ్యాయురాలితో మొదట ఒంటరిగా కూర్చుని మాట్లాడు. కమిటీ తన మీద నిఘా పెట్టిందని ఆమెకు అనిపిస్తే బీరువా తాళాలు కూడా దొరకవు. తన మాట పై అధికారులకు వినబడేలా చేయడానికి మీరు వచ్చారని తెలిస్తే, ఏ గదిలో ఏ లోపం ఉందో ఆమే నీకు చెబుతుంది.

ఈ ఉత్తరంతోపాటు నా టేపు కూడా పంపుతున్నాను. మొదటి రెండు అంగుళాల దగ్గర అంకెలు చెరిగిపోయాయి, అందుకని పది నుంచి మొదలుపెట్టి కొలిచి, చివరలో పది తీసేయి. అయిదో తరగతి గది ముందు చూడు.

ఇట్లు,
మీ మాస్టారు