అల్లుడికి: ఆ ఎయిర్‌బ్రష్ పారేసే ముందు ఇది చదువు

ఒరేయ్ అల్లుడూ,

రాత్రి నువ్వు ఫోన్ చేసినప్పుడు షెడ్డులో కాంప్రెసర్ తిరుగుతోంది, సగం మాటలు వినపడలేదు, అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నా. గాలితో రంగు చిమ్మే నీ ఎయిర్‌బ్రష్ కప్పులో బుడగలొస్తున్నాయి, గీత సన్నగా రాకుండా తుంపర్లు తుంపర్లుగా ఉమ్ముతోంది, కొని ఆర్నెల్లే అయింది, ఇంక పారేసి కొత్తది కొంటా అన్నావు కదా. కొనకు. నేను బెజవాడ ఆటోనగర్లో లారీ బాడీల మీద, బైక్ ట్యాంకుల మీద ఈ బ్రష్షు పట్టుకుని ఇరవై ఏళ్ళు దాటింది, ఇన్నేళ్ళలో నిజంగా పనికిరాక పారేసినవి రెండే రెండు. మిగతావన్నీ లోపల ఎండిపోయిన రంగే, లేకపోతే రంగు బయటికొచ్చే మూతి ముక్క, అదే నాజిల్, వదులవడమే.

ముందు బుడగల సంగతి చూద్దాం. నీది పైన కప్పు ఉండే డబుల్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు వచ్చే రకం, 0.3 మిల్లీమీటర్ల నాజిల్. అందులో రంగు నాజిల్ లోపల నుంచి వస్తది, గాలి నాజిల్ బయట చుట్టూ తిరిగి వస్తది, రెండూ కలవాల్సింది మొన దగ్గరే. గాలికి రంగు దారిలోకి వెళ్ళే సందు ఎక్కడన్నా దొరికితే అది వెనక్కి తన్ని కప్పులో బుడగలై పైకొస్తది. అంటే బుడగ కనిపిస్తే వెనక ట్రిగ్గర్ వైపు పోవద్దు, ముందు భాగమే చూడు. మొదట ముందు క్యాప్ తీసి మొన చుట్టూ పేరుకున్న రంగు థిన్నర్‌లో తడిపిన మెత్తటి కుంచెతో తుడిచి మళ్ళీ ఊది చూడు, సగం కేసులు అక్కడే అయిపోతాయి. తగ్గలేదనుకో, నాజిల్ వదులైందేమో చూసి బిగించు. అప్పటికీ తగ్గకపోతే నాజిల్ విప్పి భూతద్దం పెట్టి మొన అంచు చూడు, సన్నటి చీలిక ఉందేమో. చీలిక ఉంటే నాజిల్ ఒక్కటే మారుస్తాం, బ్రష్షు కాదు. చీలికా లేదు, బిగించినా సన్నగా బుడగ ఆగట్లేదు అంటే నాజిల్ మర మీద ఆవగింజంత తేనెమైనం రాసి బిగించు, అయితే థిన్నర్‌కి అది మెల్లగా కరిగిపోద్ది, అప్పుడప్పుడూ మళ్ళీ రాయాల్సిందే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్తున్నా, నాజిల్ దగ్గర బలం చూపించొద్దు. నేను పనిలో చేరిన కొత్తలో మా మేస్త్రి బ్రష్షుకి ఇలాగే బుడగలొస్తుంటే కట్టింగ్ ప్లేయర్ పెట్టి బిగించా, టప్పుమని తల విరిగి చేతిలోకొచ్చింది, మర మొత్తం బాడీలోనే ఉండిపోయింది. ఆయన తిట్టలేదు, ఆ రోజంతా మాట్లాడలేదు, అది ఇప్పటికీ గుర్తుంది నాకు. దాంతో పాటు వచ్చిన చిన్న స్పానర్‌ని రెండు వేళ్ళతో పట్టుకుని, ఇంక తిరగట్లేదు అనిపించగానే ఆపెయ్, అంతే. విప్పేటప్పుడు కింద తెల్ల గుడ్డ పరుచుకో, బియ్యపు గింజ కన్నా చిన్నది అది, సింకు దగ్గర అసలు విప్పొద్దు.

ఇంక తుంపర్ల గురించి. నాజిల్ లోపల రంగుని ఆపే, వదిలే సన్నటి సూది ఉంటది, అదే నీడిల్, దాన్ని బయటికి తీసి అద్దం ముక్క మీద పెట్టి దొర్లించు, మొన ఎగిరెగిరి పడుతుంటే వంగినట్టే. గోటి మీద మెల్లగా లాగి చూడు, కొక్కెం ఉంటే గీసుకుంటది, తెలిసిపోద్ది. కొంచెం వంగితే అద్దం మీద పడుకోబెట్టి మొనని వేలితో అదిమి, నీడిల్‌ని తిప్పుతా వెనక్కి లాగితే సరవుద్ది, బాగా వంగితే కొత్తది వేస్కో. స్ప్రే ఒక పక్కకి పోతోందా, నీడిల్‌ని సగం చుట్టు తిప్పి మళ్ళీ ఊదు, స్ప్రే కూడా దాంతో పాటు దిక్కు మార్చిందంటే నీడిల్‌దే తప్పు, మారలేదంటే నాజిల్‌దో క్యాప్‌దో. ఇది తెలియక చాలామంది డబ్బులు పోసి రెండూ మార్చేస్తారు.

నీడిల్ మళ్ళీ పెట్టేటప్పుడు మెల్లగా తోస్తా పో, ఆగిన చోట ఆపి వెనక నట్టు బిగించు. ఇంకొంచెం లోపలికి పోతదేమో అని తోస్తే నాజిల్ మూతి విచ్చుకుంటది, నీ నాజిల్‌కి చీలిక ఉంటే అలాగే వచ్చి ఉంటదని నా అనుమానం. తుడిచేటప్పుడు కూడా వెనక నుంచి మొన వైపే తుడవాలి, ఎదురు తుడిస్తే మొన వంగుద్ది, వేలికీ గుచ్చుకుంటది.

అసలు నీకు ఇదంతా ఎందుకొచ్చిందో చెప్పనా, నువ్వు హెల్మెట్ల మీద హార్డెనర్, అంటే రంగుని గట్టిపరిచే మందు, కలిపిన పీయూ (పాలీయురేథేన్) రంగు కొడుతున్నావు, మధ్యలో లేచి టిఫిన్‌కి పోతున్నావు. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) రంగయితే ఎండినా థిన్నర్ పోస్తే మళ్ళీ కరుగుద్ది. హార్డెనర్ కలిపింది అలా కాదురా, గట్టిపడిందంటే థిన్నర్‌కి లొంగదు, నాజిల్ లోపలే రాయిలా కూర్చుంటది. కాబట్టి పీయూ కొడితే ఫోన్ మోగనీ, ఇంటికి ఎవరైనా రానీ, ముందు కడిగి తర్వాతే లే. మిగిలిన రంగు వంపేసి, కప్పు టిష్యూతో తుడిచి, కొంచెం థిన్నర్ పోసి మెత్తటి కుంచెతో కప్పు అడుగున కలియబెట్టి ఊదెయ్. గాల్లోకి ఊదకు, మూతున్న సీసాలో గుడ్డ పెట్టుకుని అందులోకి ఊదు. తర్వాత మళ్ళీ నాలుగు చుక్కలు పోసి ముందు మూతిని గుడ్డతో మూసి ట్రిగ్గర్ మెల్లగా లాగితే కప్పులోకి గుడగుడమని వెనక్కి తన్నుద్ది, ఆ బుడగలు మనం కావాలని రప్పించేవి, లోపలున్న మడ్డి వాటితో పైకొస్తది. కళ్ళకి అద్దాలు పెట్టుకునే చెయ్. థిన్నర్ తేటగా వచ్చేదాకా ఇలా రెండు మూడు సార్లు, ఐదు నిమిషాలు కూడా పట్టదు.

రోజు ఆఖర్న నీడిల్ తీసి తుడవాలి, ఊది కడిగాకే తియ్యి, లేకపోతే ముందున్న రంగుని, అది వెనక్కి రాకుండా నీడిల్ చుట్టూ ఉండే ప్యాకింగ్‌లోకి లాక్కొస్తావు. ట్రిగ్గర్ జిగటగా కదులుతోందంటే ఆ ప్యాకింగ్ దాటి రంగు వెనక్కి వచ్చినట్టు. లోపలున్న చిన్న స్క్రూ కొంచెం బిగిస్తే నీడిల్ తోసేటప్పుడు సన్నగా పట్టు తెలుస్తది, అది చాలు.

రాత్రంతా థిన్నర్ డబ్బాలో బ్రష్షు మొత్తం ముంచి పెడతా అన్నావు, వద్దు నాయనా. కింద గాలి వాల్వులో ఉన్న రబ్బరు ఓ రింగులు ఉబ్బిపోతాయి, అప్పుడు ట్రిగ్గర్ నొక్కకుండానే గాలి బుస్సుమని పోతా ఉంటది. నాజిల్, క్యాప్, ఇలాంటి లోహపు ముక్కలు మాత్రమే నాననివ్వు. నాజిల్‌లోకి గుండుసూది, తీగముక్క పోనివ్వొద్దు, టిష్యూని సన్నగా పురిపెట్టి తిప్పు. కంసాలి కొట్లల్లో నగలు కడిగే అల్ట్రాసోనిక్ మిషన్ ఉంటది చూడు, అందులో కూడా వేస్కోవచ్చు గానీ నీళ్ళు, రెండు చుక్కల గిన్నెల సబ్బుతోనే, థిన్నర్ పోశావంటే అంటుకుంటది. నూనె అంటావా, కుట్టుమిషన్ నూనె, సిలికాన్ స్ప్రే దగ్గరికి రానివ్వకు, అది రంగులో కలిస్తే ట్యాంకు మీద ఫిష్ ఐలు, అంటే రంగు అంటుకోని చిన్న గుండ్రటి గుంటలు, లేచి పని మొత్తం మళ్ళీ గీకాల్సొస్తది. ఎయిర్‌బ్రష్ కోసమని అమ్మే గ్లిజరిన్ లూబ్ ఉంటది, నీడిల్ వెనక భాగానికి ఒక్క చుక్క.

కొన్నిసార్లు బ్రష్షు తప్పే ఉండదు. కప్పు మూతకి చిన్న బెజ్జం ఉంటది, అది రంగుతో పూడుకుపోతే రంగు దిగదు, స్ప్రే ఆగి ఆగి వస్తది. రంగు వడకట్టకుండా పోస్తే ఒక్క నలక చాలు, నైలాన్ సాక్సు ముక్కలోంచి వడకట్టు, పాలంత పల్చగా ఉండాలి. మరీ పల్చనై ప్రెషర్ ఎక్కువైతే సాలెపురుగు కాళ్ళలా పాకుద్ది, చిక్కగా ఉండి దూరం నుంచి కొడితే ఇసక చల్లినట్టు పడుద్ది. సన్న గీతలకి గాలి ప్రెషర్ 15 నుంచి 20 పీఎస్‌ఐ, పెద్ద షేడింగ్‌కి 25 దాకా, కానీ ట్రిగ్గర్ నొక్కి గాలి పోతున్నప్పుడే మీటర్ చూసి పెట్టుకో, వదిలేసినప్పుడు చూపించే లెక్క వేరు. రోహిణి కార్తెలో ఇక్కడ మొన మీదే రంగు ఎండిపోద్ది, అప్పుడు నేను మెల్లగా ఆరే స్లో థిన్నర్ కలుపుతా, ప్రతి రెండు మూడు నిమిషాలకీ మొన తుడుచుకుంటా. వానాకాలం వేరే గోల, కాంప్రెసర్ ట్యాంకులో నీళ్ళు చేరి గాలితో పాటు చుక్కలొస్తాయి, అందుకే రోజూ కాంప్రెసర్ అడుగున డ్రెయిన్ తిప్పు, గాలిలో నీళ్ళు పట్టే వాటర్ ట్రాప్ లేకుండా పని పెట్టుకోకు.

ఇంకోటి, నువ్వు ముక్కుకి జేబురుమాలు కట్టుకుని పీయూ కొడుతున్నావని మీ అమ్మ చెప్పింది. హార్డెనర్‌లో ఐసోసయనేట్లు ఉంటాయి, రుమాలు వాటిని ఆపదు, ఒకసారి ఊపిరితిత్తులకి పడకుండా పోతే తర్వాత కొంచెం వాసన తగిలినా ఆయాసమొస్తది. ఫిల్టర్ డబ్బీలుండే కార్ట్రిడ్జి మాస్కు కొనుక్కో, డబ్బులు లేకపోతే నేను పంపుతా, కడిగేటప్పుడు కూడా అదే పెట్టుకో, చేతులకి నైట్రైల్ గ్లవ్స్ వేస్కో, తలుపులు తీసి పెట్టు. మాస్కు వచ్చేదాకా పీయూ ముట్టుకోవద్దు, ఆ ఆర్డర్ ఆలస్యమైనా పర్లేదు.

రేపు పొద్దున నాజిల్ విప్పి మొన దగ్గర్నుంచి ఫొటో తీసి పంపు, వెలుతురు వెనక నుంచి పడేట్టు పెట్టు, చీలిక ఉందో లేదో నేను చూసి చెప్తా. నాజిల్ కొనాల్సొస్తే సైజుతో పాటు బ్రష్షు మోడల్ కూడా చూసి కొను, 0.3 అని రాసున్నంత మాత్రాన అన్నీ అన్నిటికీ సరిపోవు.

మీ మావయ్య