శనివారం మాత్ర ఎందుకు దాచావమ్మా?

రాయగడ నుంచి ఓ ఇల్లాలు రాసింది: "మావారు దిగులుకి మూడు నెలలుగా రాత్రిపూట మాత్ర వేసుకుంటున్నారు. ఎస్సిటాలోప్రామ్ 10, క్లోనజెపామ్ 0.5 కలిసిన మాత్ర. ఇంట్లోవాళ్లకి గ్యాస్ మాత్రని చెప్పాం. శనివారాలు మా బావగారు ఇప్పసారా తెచ్చి కూర్చోబెడతారు. ఆ రాత్రి మాత్ర దాచేస్తున్నాను. ఒక్కరోజుకి ఫర్వాలేదు కదా?"

ఫర్వాలేదని అనలేనమ్మా. ఎస్సిటాలోప్రామ్ దిగులు తగ్గించే మందు, క్లోనజెపామ్ ఆందోళన తగ్గించి నిద్ర పట్టించే మందు. ఆ రెండూ ఒంట్లోంచి సగం పోవడానికే దాదాపు 30 గంటలు పడుతుంది. శుక్రవారం రాత్రి వేసింది శనివారం గ్లాసు పట్టే వేళకి సగానికి పైగా లోపలే ఉంటుంది. నువ్వు దాచినా సారా దాని మీదే పడుతోంది. క్లోనజెపామ్‌కి సారా తోడైతే మత్తు ముదిరి నిద్రలో ఊపిరి మందగిస్తుంది. పైగా నాటుగా కాచిన ఇప్పసారా ఒక్కో కాపు ఒక్కో ఘాటు, "రెండు గ్లాసులే" అన్న లెక్క నమ్మొద్దు. ఎస్సిటాలోప్రామ్ రోజూ పడితేనే నిలకడగా పనిచేస్తుంది. వారం వారం ఎగ్గొడితే తల తిప్పడం, చిరాకు రావచ్చు. ఆదివారం ఆయన ముభావంగా పడుకుంటే మాత్ర పనిచెయ్యట్లేదనుకుంటారు. సారాయే దిగులు పెంచుతుంది.

అసలు చిక్కు మీ ఆయనకీ వాళ్లన్నయ్యకీ మధ్య ఉంది. అన్న పోస్తే తమ్ముడు కాదనలేడు. గ్యాసని చెప్పారు గనక ఆపాలని అన్నకి తోచదు. నిజం తెలియని మనిషిని తిట్టుకోవడం అన్యాయం. దిగులు జబ్బే, అందులో పరువు పోయేదేమీ లేదు. పెద్దవాడికి అబద్ధం చెప్పి గ్లాసు చాపడాన్ని నేను గౌరవం అనను. నువ్వు చెబితే అన్నదమ్ముల్ని విడదీసిందంటారు. ఆయనే, తాగని పూట పొద్దున్నే వెళ్లి, "అన్నయ్యా, నేను దిగులుకి మాత్రలు వాడుతున్నాను, సారా పడదు, నాకు పోయొద్దు" అనాలి. మీ అత్తగారు అక్కడుంటే మరీ మంచిది.

డాక్టరుకి శనివారాల సంగతి చెప్పండి. రెండు మందులూ విడిగా రాసి, ఎస్సిటాలోప్రామ్ పొద్దుటికి మార్చవచ్చేమో అడగండి. క్లోనజెపామ్ సొంతంగా ఆపేస్తే ఫిట్స్ రావచ్చు. మిగతా రోజుల్లోనూ సారా తాగుతుంటే అదీ ఉన్నట్టుండి మాన్పించకు, డాక్టరు చూస్తుండగానే మానాలి. ఈలోగా మనసు బాధలకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైను టెలి మానస్ 14416కి ఫోన్ చెయ్యి. ఉచితం, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఈ శనివారం తాగి వస్తే మాత్ర వెయ్యకు, గొడవా పడకు. వెల్లకిలా కాకుండా పక్కకి తిప్పి పడుకోబెట్టు. లేపితే లేవకపోయినా, ఊపిరి ఆగి ఆగి వస్తున్నా మజ్జిగ, నిమ్మరసం నోట్లో పొయ్యకుండా వెంటనే 108కి ఫోన్ చెయ్యి. మాత్రల అట్ట చేతిలో పట్టుకుని వెళ్లు.