కొన్ని రాష్ట్రాల పోలీసులు ఐస్‌కి ఎందుకు సహకరించరు? న్యూజెర్సీ నుంచి నా జవాబు

అడిగిన ప్రశ్న ఇది: "అమెరికాలో కొన్ని నగరాలు, రాష్ట్రాల పోలీసులు ఇమ్మిగ్రేషన్ అధికారులకి, అంటే ఐస్‌కి, సహకరించం అంటున్నారు. చట్టాన్ని కాపాడాల్సిన వాళ్లే చట్టానికి అడ్డం పడటం తప్పు కాదా?"

తప్పు కాదు. పోలీసు దగ్గరికి జనం ధైర్యంగా వెళ్లాలంటే వేరే దారి లేదని నా గట్టి నమ్మకం. నేను ఎడిసన్ పక్కనే ఉంటాను. నా అభిప్రాయం టీవీ చర్చల్లోంచి వచ్చింది కాదు, మా అపార్ట్‌మెంట్ లాండ్రీ రూములోంచి వచ్చింది.

2019 చలికాలం. రాత్రి బాగా పొద్దుపోయాక బట్టలు వేయడానికి కిందికి వెళ్తే, మా పై అంతస్తు అబ్బాయి అక్కడి సింకులో జాకెట్ ఉతుకుతున్నాడు. మెషీన్లన్నీ ఖాళీగా ఉంటే చేత్తో ఎందుకు రుద్దుతున్నాడా అని దగ్గరికి వెళ్లి చూస్తే నీళ్లు ఎర్రగా పోతున్నాయి. చెవి పైన చర్మం చీలి, జుట్టు అట్టకట్టుకుపోయి ఉంది.

ఖమ్మం వైపు కుర్రాడు. పగలు ఎంఎస్, రాత్రి ఒక గ్యాస్ స్టేషన్‌లో డ్యూటీ. న్యూజెర్సీలో ఎవరి కారులో వాళ్లు పెట్రోలు పోసుకోవడం 1949 నుంచి నిషేధం, ఇప్పటికీ అంతే. ఎంత అర్ధరాత్రి అయినా ఒక మనిషి బయట నిలబడి పోయాల్సిందే. ఎముకలు కొరికే చలిలో, జేబులో నోట్ల కట్టతో, ఒంటరిగా. ఆ మనిషి చాలాచోట్ల మన దేశం నుంచి వచ్చినవాడే.

ఇద్దరు వచ్చారట. ఒకడి చేతిలో తుపాకీ. వీడు మాట్లాడకుండా కట్ట తీసి ఇచ్చేశాడు. అయినా వెళ్తూ వెళ్తూ తుపాకీ వెనకభాగంతో కొట్టారు. వీడు వెంటనే ఫోన్ చేసింది పోలీసులకి కాదు, ఓనర్‌కి. ఆయనా మనవాడే, నాకు ఒళ్లు మండేది అక్కడే. "పోలీసుల్ని పిలిస్తే ముందు నీ వీసా పోతుంది, చూసుకో" అన్నాడట. పోయిన డబ్బు జీతంలో పట్టుకుంటానని కూడా అప్పుడే చెప్పాడట. అన్నం పెట్టే చెయ్యి అని మొక్కేవాళ్ల మీద ఇలాంటి వాళ్లు బతుకుతారు. పిల్లల వీసా భయమే వాళ్లకి లాభం.

"పద, ముందు కుట్లు వేయించుకుందాం, తర్వాత స్టేషన్‌కి వెళ్దాం" అన్నాను.

"స్టేషన్ వద్దక్కా. ఎఫ్-1 మీద బయట పని చేస్తున్న. వీళ్లకి చెప్తే వీళ్లు ఐస్‌కి చెప్తరు. అమ్మోళ్లు పొలం తాకట్టు పెట్టి పంపిన్రు" అన్నాడు.

ఎఫ్-1 అంటే స్టూడెంట్ వీసా. దాని మీద క్యాంపస్ బయట అనుమతి లేని పని నిబంధనలకి విరుద్ధమే. వాడి భయానికి కారణం ఉంది. కానీ అప్పటికి కొన్ని నెలల ముందే మా లైబ్రరీలో జరిగిన ఒక మీటింగ్‌లో నేను వేరే సంగతి విన్నాను. అప్పటి మా రాష్ట్ర అటార్నీ జనరల్ గుర్బీర్ గ్రేవాల్ 2018 నవంబరులో ఒక ఆదేశం ఇచ్చారు, 2019 మార్చి నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం న్యూజెర్సీ పోలీసులు ఎవరినీ ఇమ్మిగ్రేషన్ స్టేటస్ కోసం ఆపకూడదు. విచారిస్తున్న నేరానికి సంబంధం ఉంటే తప్ప స్టేటస్ అడగకూడదు. నేరం కేసు కాకుండా కేవలం ఇమ్మిగ్రేషన్ కోసం ఐస్ చేసే సివిల్ దాడుల్లో పాల్గొనకూడదు. ఇదంతా రాత్రి ఎమర్జెన్సీ రూములో కూర్చుని వాడికి చెప్పాను. తెల్లారేసరికి సగం ఒప్పుకున్నాడు.

స్టేషన్‌లో మాట్లాడిన ఆఫీసర్ డ్రైవింగ్ లైసెన్స్ చూసి పేరు, అడ్రస్ రాసుకున్నాడు. తర్వాత అడిగినవన్నీ నేరం గురించే. తుపాకీ ఏ చేతిలో ఉంది? కారు ఎటు తిరిగింది? ఒకడినొకడు పేరు పెట్టి పిలిచారా? కారు వెనక ఎడమ లైటు పగిలి ఉందని వీడికి అక్కడ గుర్తొచ్చింది. మధ్యలో ఏమనుకున్నాడో "సర్, నా వీసా..." అని మొదలుపెట్టాడు. ఆఫీసర్ పెన్ను ఆపి, "నేను అది అడగలేదు. నాకు అక్కర్లేదు. ఆ లైటు సంగతి చెప్పు" అన్నాడు.

తర్వాత తెలిసిందేమిటంటే, అదే కారు అంతకు ముందు ఇంకో పంపు దగ్గరికి కూడా వెళ్లింది. అక్కడ పనిచేసే అతను ఫిర్యాదే చేయలేదు. అతనూ నోరు తెరిచి ఉంటే మా పిల్లాడి చెవి పగిలేది కాదు. చివరికి పగిలిన లైటే వాళ్లని పట్టించింది.

ఇప్పుడు చెప్పండి, ఇందులో చట్టానికి అడ్డం పడింది ఎవరు?

అమెరికాలో ఇమ్మిగ్రేషన్ ఎలాగో, మన దేశంలో ఆదాయపు పన్ను అలాగే కేంద్రం వ్యవహారం. మన ఊళ్లో ఇంట్లో దొంగతనం జరిగిందని స్టేషన్‌కి వెళ్తే, ఎస్సై "ముందు పాన్ కార్డు తియ్, రిటర్న్ వేశావా?" అంటే ఎవరైనా మళ్లీ ఆ గడప తొక్కుతారా? దొంగలకి అంతకంటే ఏం కావాలి? ఈ మాట అనేది ఉదారవాదులే అనుకోకండి. 1979లో లాస్ ఏంజెలెస్ పోలీసులకి స్పెషల్ ఆర్డర్ 40 వచ్చింది, కేవలం స్టేటస్ తెలుసుకోవడం కోసం పోలీసు చర్యలు మొదలుపెట్టొద్దని. ఇచ్చింది డారిల్ గేట్స్. కరకు పోలీసు చీఫ్ అని దేశమంతా పేరున్న మనిషి. ఆయనకి కావాల్సింది సాక్షులు, ఫిర్యాదుదారులు. వాళ్లు స్టేషన్‌కి రావాలంటే ఏం చేయాలో ఆయనకి తెలుసు.

చట్టం కూడా ఇటే ఉంది. 1997లో ప్రింట్జ్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, కేంద్రం పనిని చేసిపెట్టమని రాష్ట్ర, స్థానిక అధికారులని ఫెడరల్ ప్రభుత్వానికి ఆజ్ఞాపించే అధికారం లేదని చెప్పింది. ఆ కేసు వేసింది మోంటానాలో ఒక షెరీఫ్, అంటే మన జిల్లా లాంటి కౌంటీకి పోలీసు పెద్ద. గొడవ తుపాకీ కొనేవాళ్ల తనిఖీ గురించి. తీర్పు రాసింది కన్జర్వేటివ్ జడ్జి స్కాలియా. ఇష్టపడి ఐస్‌తో చేతులు కలపాలనుకునే షెరీఫ్‌లకి 287(జి) అనే ఒప్పందం 1996 ఇమ్మిగ్రేషన్ చట్టంలోనే ఉంది. 2025 మొదట్లో ఇలాంటి ఒప్పందాలు 135, ఆ ఏడాది ముగిసేలోపే వెయ్యి దాటాయి. అంటే చేయాలనుకునే వాళ్లు చేస్తున్నారు. చేయం అనే హక్కూ చట్టంలోదే.

"అయితే నేరస్థుల్ని వదిలేస్తారా?" అని తర్వాతి ప్రశ్న వస్తుందని తెలుసు. న్యూజెర్సీ ఆదేశంలోనే మినహాయింపు ఉంది. తీవ్రమైన నేరం కేసు ఉన్నవాళ్లని, ఫెడరల్ జడ్జి సంతకంతో దేశం విడిచి వెళ్లమని ఆర్డర్ ఉన్నవాళ్లని జైలు ఐస్‌కి అప్పగించవచ్చు. కుదరదన్నది మిగతావాళ్ల విషయంలో. ఐస్ పంపే డిటెయినర్ అంటే, విడుదల కావాల్సిన మనిషిని ఇంకో 48 గంటల దాకా ఉంచమని అడిగే కాగితం. దాని మీద జడ్జి సంతకం ఉండదు, ఐస్ అధికారి సంతకమే ఉంటుంది. ఆ కాగితం చూసి మనిషిని లోపల ఉంచిన కౌంటీలు కోర్టుల్లో ఓడిపోయిన కేసులు ఉన్నాయి. ఒరెగాన్‌లోని క్లాకమస్ కౌంటీకి 2014లో అదే అయింది.

నాకు బాధ కలిగించేది మనవాళ్ల వాట్సాప్ గ్రూపులు. ఐస్ దాడి వీడియో రాగానే చప్పట్లు, "మనం లీగల్, మనకేం టెన్షన్" అని మెసేజ్‌లు. 2019 జనవరి అంత తొందరగా మర్చిపోయారా? మిషిగన్‌లో ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అని ఫెడరల్ ఏజెంట్లే ఒక ఉత్తుత్తి కాలేజీ పెట్టారు. చేరిన 600 మంది దాకా పిల్లల్లో ఎక్కువమంది తెలుగువాళ్లు. అంతకు ముందు 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతపడ్డప్పుడు మన పిల్లల కాళ్లకి రేడియో ట్యాగులు కట్టారు. ఆ చప్పట్లు కొట్టే చేతులు అప్పుడు ఎక్కడున్నాయి?

2025 ఏప్రిల్ సంగతి ఇంకా తాజా. దాదాపు 13 లక్షల మంది విదేశీ విద్యార్థుల పేర్లని ఐస్ ఎఫ్‌బీఐ నేరాల డేటాబేస్‌లో వేసి చూసింది. 6,400 దాకా పేర్లు తగిలాయి, వేలమంది సెవిస్ రికార్డులు, అంటే విదేశీ విద్యార్థులుగా ప్రభుత్వం దగ్గర ఉండే నమోదు, రద్దయ్యాయి. కోర్టు కొట్టేసిన కేసులు, ట్రాఫిక్ కేసులు కూడా అందులో ఉన్నాయి. ఇమ్మిగ్రేషన్ లాయర్ల సంఘం సేకరించిన 327 ఉదంతాల్లో సగం భారతీయులవి. దావాల మీద దావాలు పడ్డాక నెలాఖరుకి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ డేటాబేస్‌లోకి పేర్లు ఎక్కువగా ఎక్కించింది ఎవరు? ఏదో ఒక ఊరి పోలీసు, ఏదో ఒక కౌంటీ జైలు.

అసలు అర్థం చేసుకోవాల్సింది ఇదే. జైల్లో బుకింగ్ అప్పుడు తీసుకునే వేలిముద్రలు ఎఫ్‌బీఐకి వెళ్తాయి, అక్కడి నుంచి వాటంతట అవే ఇమ్మిగ్రేషన్ వాళ్లకి చేరతాయి. 2008లో టెక్సాస్‌లోని హ్యారిస్ కౌంటీలో మొదలైన ఈ ఏర్పాటు కొన్నేళ్లకే దేశమంతా వచ్చింది. న్యూజెర్సీ అయినా, కాలిఫోర్నియా అయినా దాన్ని ఆపే వీలు లేదు. అలాగే ఐస్ సొంతంగా రావడాన్ని కూడా ఏ రాష్ట్రానికీ ఆపే వీలు లేదు. 2025లో మా ఎడిసన్‌లోనే వేర్‌హౌస్‌ల మీద ఫెడరల్ దాడులు జరిగాయి. ఐస్‌కి సహకరించని ఇలాంటి రాష్ట్రాల్ని సాంక్చువరీ స్టేట్ అంటారు. "సాంక్చువరీ స్టేట్ కదా, ఏం కాదు" అనే సీనియర్ల మాట నమ్మకండి. రాష్ట్రం ఇచ్చేది ఒక్కటే: బాధితుడిగా స్టేషన్‌కి వెళ్తే నిన్ను ఇమ్మిగ్రేషన్ కేసుగా చూడరు. నాకు అదే చాలా పెద్ద సంగతి.

టెక్సాస్‌లో అదీ లేదు. 2017 నాటి ఎస్‌బీ 4 చట్టం ప్రకారం అక్కడి జైళ్లు డిటెయినర్లని పాటించి తీరాలి, పట్టుకున్న మనిషిని పోలీసు స్టేటస్ అడగవచ్చు. పైగా అక్కడ సీటు బెల్టు పెట్టుకోలేదని కూడా అరెస్ట్ చేయవచ్చు. లాగో విస్టా అనే ఊళ్లో ఒక తల్లిని పిల్లల ముందే అలా బేడీలు వేసి తీసుకెళ్తే, దానికి గరిష్ఠ జరిమానా 50 డాలర్లే అయినా, 2001లో సుప్రీంకోర్టు ఆ అరెస్ట్ చెల్లుతుందని తేల్చింది. డల్లాస్‌లో దిగే పిల్లలకీ ఎడిసన్‌లో దిగే పిల్లలకీ ఒకే సలహా పనికిరాదని అందుకే అంటున్నాను.

అడ్మిషన్‌కి లక్షలు పుచ్చుకునే కన్సల్టెన్సీలు ఇందులో ఒక్క ముక్క చెప్పవు. మన సంఘాలు కన్వెన్షన్‌కి సినిమా వాళ్లని పిలవడానికి పెట్టే శ్రద్ధలో కొంచెం ఇటు పెడితే బాగుండు. నేరానికి గురై పోలీసులకి సహకరించిన వాళ్ల కోసం 2000 నుంచి యు వీసా అని ఒకటి ఉంది, దానికి పోలీసు శాఖ లాంటి దర్యాప్తు సంస్థ సంతకం కావాలి. ఏ నేరాలకి వర్తిస్తుందో లాయర్‌ని అడగాలి. ఇది నా ఎదురుగా కూర్చున్న ఎంతమంది పిల్లలకి చెప్పానో, ఒక్కరూ అంతకు ముందు విని ఉండలేదు. ఆగస్టులో కొత్త బ్యాచ్ దిగగానే ఏ సంఘమైనా ఒక పూట కూర్చోబెట్టి, ఈ రాష్ట్రంలో పోలీసు ఏం అడగొచ్చు, ఏం అడగకూడదు, టికెట్ వస్తే కోర్టు తేదీ ఎందుకు ఎగ్గొట్టకూడదు, లాయర్ నంబరు ఎక్కడ దాచుకోవాలి అనేవి చెప్పాలి. సెంట్రల్ జెర్సీలో ఎవరు పెట్టినా నేను వచ్చి మాట్లాడతాను.