రెండు పంపులు ఇచ్చినా అత్తమ్మకు దమ్ము ఎందుకు తగ్గడం లేదు?

ప్రశ్న: మాది మహారాష్ట్రలోని నాందేడ్ జిల్లా, ధర్మాబాద్ తాలూకాలో ఒక పల్లె. మా అత్తమ్మకు 54 ఏళ్లు. మిరపకాయల తొడిమలు తీసే కూలికి వెళ్తారు. చాలా ఏళ్లుగా దమ్ము (ఆస్తమా) ఉంది. నిజామాబాద్‌లో డాక్టరు గారు రెండు పంపులు (ఇన్‌హేలర్లు) రాశారు. నీలం పంపు కొట్టగానే తేలికవుతుందని అదొక్కటే వాడుతున్నారు. రెండోదానితో ఏమీ తెలియడం లేదని, పైగా అలవాటు పడిపోతానని దాన్ని పక్కన పెట్టేశారు. ఈ చలికాలంలో రెండు మూడుసార్లు అర్ధరాత్రి తీసుకెళ్లి సూది వేయించాల్సి వచ్చింది. నెలనెలా నిజామాబాద్ రావడం మాకు కుదరదు. బీపీ చూడటానికి మా ఊరి ఉపకేంద్రం నుంచి నర్సు వస్తారు. దమ్ము విషయంలో ఆమె ఏమైనా చేయగలరా?

జవాబు: తప్పకుండా చేయగలరమ్మా, మీరు అనుకుంటున్న దానికన్నా ఎక్కువే చేయగలరు. మీ ఉత్తరం చదివితే మీ అత్తగారికి సరైన మందు దొరకలేదని నాకు అనిపించడం లేదు. దొరికిన మందు రోజూ, సరైన పద్ధతిలో ఊపిరితిత్తుల దాకా చేరడం లేదు. దాన్ని సరిదిద్దడానికి గోదావరి దాటి నెలనెలా పెద్ద డాక్టరు దగ్గరకు రావడం కన్నా, ఇంటికొచ్చి పది నిమిషాలు ఎదురుగా కూర్చునే నర్సమ్మ వల్లే ఎక్కువ ఉపయోగం ఉంటుంది.

ముందు ఆ రెండు పంపుల సంగతి చూద్దాం. ఆస్తమాలో శ్వాసనాళాల లోపలి పొర ఎప్పుడూ కొంత వాచి ఉంటుంది. దుమ్ము, ఘాటు, చల్లగాలి, జలుబు వంటివి తగిలినప్పుడు ఆ నాళాల చుట్టూ ఉన్న కండరాలు బిగుసుకుపోయి పిల్లికూతలు, ఆయాసం మొదలవుతాయి. నీలం పంపులో సాధారణంగా ఉండే సాల్బుటమాల్ ఆ బిగువును కొన్ని గంటల పాటు సడలిస్తుంది గానీ వాపును ముట్టుకోదు. వాపును తగ్గించేది రెండో పంపులోని స్టెరాయిడ్ మందే. అది పూర్తిగా పనిచేయడానికి రోజులు, వారాలు పడుతుంది కాబట్టి పీల్చిన వెంటనే ఏమీ తెలియదు. దాన్ని మానేసి నీలం పంపు మీదే ఆధారపడటం మంట ఆర్పకుండా పొగను విసనకర్రతో తోలినట్లవుతుంది. అందుకే ఆస్తమాకు నీలం పంపు ఒక్కటే ఇచ్చి ఊరుకోవడం మంచిది కాదని 2019 నుంచి అంతర్జాతీయ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. 200 పీల్పులు ఉండే నీలం పంపులు ఏడాదిలో మూడు, అంతకన్నా ఎక్కువ ఖాళీ అవుతున్నాయంటే దమ్ము తీవ్రంగా వచ్చే ప్రమాదం పెరిగిందని అర్థం.

ఇక అలవాటు పడిపోతామన్న భయం చాలామందిలో ఉంది, దాన్ని నేను తేలిగ్గా కొట్టిపారేయను. అయితే లెక్క చూడండి. రెండో పంపుల్లో తరచుగా ఉండే స్టెరాయిడ్ బుడెసొనైడ్ మోతాదు పీల్పుకు సాధారణంగా 100 నుంచి 200 మైక్రోగ్రాములు ఉంటుంది. దమ్ము ముదిరినప్పుడు మింగించే స్టెరాయిడ్ మాత్ర ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాములు, అంటే 40,000 మైక్రోగ్రాములు. రెండూ వేర్వేరు మందులే అయినా, పంపు మందు నేరుగా ఊపిరితిత్తులకు వెళ్తుంది, మాత్ర ఒళ్లంతా తిరుగుతుంది. షుగరు, బీపీ పెరగడం, ఎముకలు గుల్లబారడం, కంటిలో శుక్లాలు రావడం వంటి ఇబ్బందులు మాత్రలు, సూదులు పదేపదే వాడేవారిలోనే ఎక్కువ. అంటే పంపుకు భయపడి దాన్ని మానేసిన మనిషి చివరికి ఆ పెద్ద మోతాదుల దగ్గరికే చేరుతున్నారు. మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో ఇచ్చే చేప మందు గురించి కూడా మీ ప్రాంతం వాళ్లు తరచుగా అడుగుతారు. అది ఆస్తమాను నయం చేస్తుందనడానికి శాస్త్రీయమైన ఆధారం లేదు. నమ్మకంతో వెళ్లినా సరే, పంపు మాత్రం ఒక్కరోజు కూడా ఆపకూడదు.

ఇప్పుడు నర్సు విషయానికి వద్దాం. మీ ఉపకేంద్రం ఆయుష్మాన్ ఆరోగ్య మందిర్‌గా మారి ఉంటే అక్కడ సముదాయ ఆరోగ్య అధికారి కూడా ఉంటారు. బీపీ, షుగర్లతో పాటు దీర్ఘకాలిక శ్వాసకోశ వ్యాధులు, ఆస్తమా కూడా జాతీయ అసాంక్రామిక (అంటుకోని) వ్యాధుల కార్యక్రమంలో ఉన్నాయి. కాబట్టి ఈ విషయం అడగడానికి మొహమాటపడవద్దు. ఈసారి ఆమె వచ్చినప్పుడు, “మా అత్తమ్మ పంపు ఎలా పీలుస్తున్నారో ఒకసారి చూడండి” అని అడగండి. వాడుతున్నారా అని అడగడం కాదు, కళ్లతో చూడటం ముఖ్యం. పంపును కుదపకుండానే నొక్కడం, నొక్కిన తర్వాత ఎప్పుడో ఊపిరి తీయడం, నోట్లో కొట్టి ముక్కుతో పీల్చడం, ఒకేసారి రెండు నొక్కేయడం, పీల్చిన వెంటనే ఊపిరి వదిలేయడం నేను రోజూ చూసే పొరపాట్లు. ఇలా వాడితే మందులో ఎక్కువ భాగం గొంతులోనే ఆగిపోతుంది.

స్పేసర్, అంటే పంపుకు తగిలించే ప్లాస్టిక్ గొట్టం, ఉంటే ఈ తప్పులు చాలావరకు తగ్గుతాయి. పంపును బాగా కుదిపి స్పేసర్‌కు తగిలించాలి. ఊపిరి పూర్తిగా వదిలి, స్పేసర్ మూతిని నోట్లో పెట్టుకుని చుట్టూ పెదవులతో గట్టిగా మూసి, ఒక్కసారి నొక్కి, నెమ్మదిగా లోతుగా పీల్చి పది సెకన్లు ఊపిరి బిగబట్టాలి. బిగబట్టలేని స్థితిలో ఉంటే ఐదారుసార్లు మామూలుగా అందులోనే ఊపిరి తీసి వదిలినా చాలు. రెండో పీల్పుకు ముందు అర నిమిషం ఆగి మళ్లీ కుదపాలి. స్టెరాయిడ్ పంపు తర్వాత నోరు పుక్కిలించి ఉమ్మేయాలి, లేకపోతే నాలుక మీద తెల్లటి పూత రావచ్చు. స్పేసర్‌ను నెలకోసారి సబ్బునీళ్లలో ముంచి, గుడ్డతో తుడవకుండా అలాగే ఆరనివ్వాలి. తుడిస్తే పుట్టే స్థిరవిద్యుత్తు వల్ల మందు గోడలకు అంటుకుపోతుంది. ఇంకో సంగతి, పంపులో మందు అయిపోయినా లోపలి గాలి ఇంకా కొన్నాళ్లు బుస్సుమంటూనే ఉంటుంది. అంకెలు చూపించే పంపు కాకపోతే మొదలుపెట్టిన తేదీని దాని మీద పెన్నుతో రాయండి. 120 పీల్పుల పంపును రోజుకు రెండుపూటలా రెండేసి చొప్పున వాడితే సరిగ్గా 30 రోజులు వస్తుంది.

నర్సు వచ్చినప్పుడల్లా గడిచిన నాలుగు వారాల గురించి నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులను ఒక నోటుబుక్కులో రాయమనండి. వారంలో రెండుసార్లకు మించి పగటిపూట దమ్ము వచ్చిందా, దమ్ముతో రాత్రి మెలకువ వచ్చిందా, వారంలో రెండుసార్లకు మించి నీలం పంపు అవసరమైందా, దమ్ము వల్ల పని తగ్గించుకోవాల్సి వచ్చిందా అన్నవే ఆ నాలుగూ. అన్నిటికీ లేదు అనే జవాబు వస్తే వ్యాధి అదుపులో ఉన్నట్లు, మూడు నాలుగింటికి అవును అంటే అదుపు తప్పినట్లు. మీరు రాసిన దాన్ని బట్టి మీ అత్తగారిది ప్రస్తుతం రెండో స్థితి. ఆ నోటుబుక్కు ఉంటే ఆరోగ్య మందిర్ నుంచి ఈ-సంజీవని (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ) ద్వారా డాక్టరుతో మాట్లాడినా, మూడు నెలలకోసారి నిజామాబాద్ వచ్చినా ఎదుటివారికి పరిస్థితి వెంటనే అర్థమవుతుంది. దమ్ము ఎక్కువై తగ్గిన ప్రతిసారీ మాత్రం వారం లోపల డాక్టరుకు చూపించాలి. మోతాదు మార్చడం నర్సు పని కాదు, ఆమెను అందుకు ఒత్తిడి చేయవద్దు.

అర్ధరాత్రి దమ్ము వస్తే ఏం చేయాలో అదే నోటుబుక్కు మొదటి పేజీలో పెద్ద అక్షరాలతో, తెలుగైనా మరాఠీ అయినా ఇంట్లో అందరూ చదవగలిగే భాషలో రాయించి పెట్టండి. పడుకోబెట్టకుండా కొద్దిగా ముందుకు వంచి కూర్చోబెట్టాలి. నీలం పంపును స్పేసర్‌తో ఒక్కొక్కటిగా నాలుగు పీల్పులు ఇవ్వాలి. తగ్గకపోతే 20 నిమిషాలకోసారి గంటసేపు అలాగే ఇవ్వవచ్చు. కానీ ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోవడం, పెదవులు నీలంగా మారడం, మగతగా ఉండటం, పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయినా ఆయాసం తగ్గకపోవడం, వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే ఆక్సిమీటరులో 94 కన్నా తక్కువ చూపించడం వంటి వాటిలో ఏ ఒక్కటి కనిపించినా గంట ఆగకుండా 108కు ఫోన్ చేసి, బండి వచ్చేదాకా, దారిలో కూడా పంపు ఇస్తూనే ఉండాలి. ఆక్సిమీటరు అంకె బాగున్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోకూడదు.

కూలి పని సంగతి రాయడం నాకు కష్టంగానే ఉంది, ఎందుకంటే సీజనులో ఆ డబ్బు ఇంటికి ఎంత అవసరమో నాకు తెలుసు. మిర్చి కల్లంలో కూర్చుని తొడిమలు తీసేవారికి ఘాటుతో పాటు సన్నటి దుమ్ము, బూజు కూడా ఊపిరిలోకి పోతాయి. కొంగు అడ్డం పెట్టుకుంటే అది ఆగదు. పని లేని రోజుల్లో దమ్ము తగ్గి, మళ్లీ వెళ్లగానే పెరుగుతోందా అన్నది గమనించి డాక్టరుకు చెప్పండి. అలా అయితే వేరే పని చూసుకోవడమే అసలైన వైద్యం. అది కుదిరేదాకా దుమ్ము మీదికి రాకుండా గాలి వచ్చే వైపు కూర్చోవడం, ఎన్-95 మాస్కు పెట్టుకోవడం, ఇంటికి రాగానే స్నానం చేసి చీర మార్చుకోవడం కొంత మేలు చేస్తాయి. ఇంట్లో గ్యాసు ఉన్నా జొన్నరొట్టెలు కట్టెలపొయ్యి మీదే కాల్చడం మీ వైపు మామూలు. కనీసం ఆవిడను ఆ పొయ్యి దగ్గర కూర్చోనివ్వకండి.

ఆవిడ మింగే మాత్రలన్నీ ఒక సంచిలో వేసి నర్సుకు చూపించండి. బీపీ కోసం వాడే ప్రొప్రనొలోల్, అటెనొలోల్ వంటివి, ఒళ్లు నొప్పులకు దుకాణంలో కొనే డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటివి కొందరిలో దమ్మును రేపుతాయి. బీపీ మాత్ర మాత్రం సొంతంగా ఆపవద్దు, డాక్టరును అడిగి మార్పించుకోండి. దగ్గు రెండు వారాలు దాటినా, బరువు తగ్గుతున్నా టీబీ ఉందేమో తెలియడానికి కళ్లె పరీక్ష చేయించండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో అది ఉచితం.

చివరగా, ఏళ్ల తరబడి కట్టెల పొగ పీల్చిన స్త్రీలలో బీడీ, సిగరెట్టు ముట్టకపోయినా సీఓపీడీ (శ్వాసనాళాలు శాశ్వతంగా ఇరుకైపోయే ఊపిరితిత్తుల జబ్బు) రావచ్చు. అది ఆస్తమాలాగే కనిపిస్తుంది, వైద్యం కొంత వేరు. రెండూ కలిసి ఉండటమూ ఉంది. అందువల్ల ఒక్కసారైనా స్పైరోమెట్రీ, అంటే గొట్టంలోకి గట్టిగా ఊదించి ఊపిరితిత్తుల పనితీరు కొలిచే పరీక్ష, చేయించడం మంచిది. ఆ పరీక్షకు వచ్చే రోజు నాలుగు గంటల ముందు నుంచి నీలం పంపు వాడకుండా ఉండగలిగితే ఫలితం స్పష్టంగా తెలుస్తుంది, రెండో పంపు ఎప్పుడు ఆపాలో పరీక్ష చేసేవారిని ముందే అడగండి. దారిలో ఆయాసం వస్తే మాత్రం పరీక్ష సంగతి పక్కన పెట్టి వెంటనే నీలం పంపు ఇవ్వండి, పరీక్ష మరో రోజు చేసుకోవచ్చు.